ఛాంపియన్ జీవరత్నం, శ్రీమతితో

ఉయ్యూరులో కతోలిక గుడి వసారా. 1975 ఫిబ్రవరి, ఈస్టరు దాకా పెళ్ళిళ్ళు జరగని తపసుకాలానికి ముందు ఆఖరి ఆదివారం, పూజ అయిపోయింది. బెంచీకి ఒక కొసన కాన్వెంటులో కుట్టుపని నేర్పే అమలమ్మ, ఒళ్ళో చుట్టచుట్టిన కేలెండరుతో. రెండో కొసన ఆమెను ఎల్లుండి మంగళవారం పెళ్ళాడవలసిన జీవరత్నం. ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్న సాక్షి, బెజవాడ గజానన ప్లైవుడ్స్ పబ్లిసిటీ మేనేజరు తిరుపతిరావు.

"అది కాదమ్మా, ముందు నన్ను పూర్తిగా చెప్పనివ్వండి."

"చెప్పండి మేనేజరుగారూ, ఎవరు కాదన్నారు? ఫాదరుగారు టిఫిను ముగించి పక్క ఊళ్ళో రెండో పూజకి బయల్దేరేలోగా చెప్పండి. ఆ మోటారుసైకిలు గేటు దాటిందంటే మళ్ళీ మాకు పెళ్ళి మాట ఈస్టరు తర్వాతే."

"అదే. పోయిన ఆదివారం ఇక్కడ అసలేం జరిగిందో మీ నోటితో ఒకసారి వింటే, దాన్నిబట్టి నేను..."

"మా బావ చెప్పలేదూ?"

"చెప్పాడు. జీపులో చెప్పాడు. సగం గాలికి పోయింది."

"మిగతా సగం మీరు వదిలేశారు. సరే, వినండి. పోయినవారం మూడో ప్రకటన. ఫలానా జీవరత్నానికీ ఫలానా అమలమ్మకీ పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని ఫాదరుగారు చదివారు. ముందు రెండు వారాలూ ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. మూడోవారం మా శౌరమ్మత్త లేచింది. మోకాళ్ళ నొప్పులని సువార్త చదివేటప్పుడు కూడా లేవని మనిషి! లేచి, చంకలోంచి మీ కేలెండరు తీసి, ఊరందరి ముందూ విప్పింది. 'అబ్బాయికి పెళ్ళయిపోయింది ఫాదరుగారూ, అచ్చు కూడా వేయించుకున్నాడు' అంది."

"ఆవిడకి మా కేలెండరు ఎక్కడిది?"

"ఎక్కడిదేంటండీ? చెరుకు బళ్ళు తూకానికి నిలబడ్డ చోట మీ మనుషులే పంచారు. ఉయ్యూరులో ఆ కేలెండరు లేని గోడ లేదు. మంగలిషాపులో ఉంది, కల్లుపాకలో ఉంది. మా కాన్వెంటు వంటింట్లో కూడా ఉంది, సిస్టర్లు దాని కింద నిలబడి కూరలు తరుగుతున్నారు."

"ఈ ఏడు మైలవరం దాకా పంపించామమ్మా. అంత సర్క్యులేషను మా కంపెనీ చరిత్రలోనే లేదు."

"చాలా సంతోషం. మైలవరం దాకా మా బావకి పెళ్ళయిపోయిందన్నమాట."

"అమలా, నాకు పెళ్ళి కాలేదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నువ్వుండు బావా. సాక్షిని తెచ్చుకున్నావుగా, సాక్షిని మాట్లాడనీ. మేనేజరుగారూ, మీరు నాకు ఏం చెబుతారో అదే ఫాదరుగారి ముందు కూడా చెప్పాలి, బైబిలు మీద చెయ్యి వేసి."

"బైబిలంటే... మేము హిందువులమమ్మా."

"భగవద్గీత తెచ్చుకున్నా అభ్యంతరం లేదన్నారు ఫాదరుగారు."

"ఇంట్లో ఉందనుకోండి. ఇంటి తాళంచెవి..."

"సార్ ఇంటికి తాళమే అమలా. అమ్మగారు మంగళగిరి పుట్టింటికి వెళ్ళారంట. పాపం సారు రెండు పూటలా హోటలు భోజనమే."

"అది ఇప్పుడు అవసరమా జీవరత్నం? ఆవిడకి బెజవాడ ఎండ పడదు, అందుకని వెళ్ళింది."

"ఈ చలిలో ఎండేంటండీ?"

"వచ్చే ఎండకి ముందుగానే వెళ్ళిందమ్మా. సరే, విషయానికొద్దాం. మొదట్నించీ చెబుతాను."

"మొదలు దేనికండీ? కేలెండరులో కింది బొమ్మ ఒక్కటి చెప్పండి చాలు."

"పై బొమ్మ అర్థమైతేగానీ కింది బొమ్మ అర్థం కాదు. అసలీ టీము ఎలా పుట్టిందో మీకు తెలుసా? మా ప్రొప్రయిటరు పూర్ణచంద్రరావుగారు పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికెళ్ళారు. అక్కడ బల్లమీద ఒక ఫారిన్ పత్రిక. అందులో ఒక తెల్లదొర, సముద్రంలో, కొండంత అల మీద, ఒక్క చెక్కమీద నిలబడున్నాడు. కూర్చుని కాదు, నిలబడి! డాక్టరుగారి చెయ్యి నోట్లో ఉండగానే మా ప్రొప్రయిటరుగారు 'చెక్క! చెక్క!' అని కేకేశారు."

"పన్ను పీకారా?"

"పక్క పన్ను పీకారు. ఆ సంగతి వదిలెయ్యండి. మా ప్లైవుడ్డు నీళ్ళకి చెడదని పేపర్లో ప్రకటన వేస్తే ఎవరు నమ్ముతారు? అదే సముద్రంలో పడేసి, పైన మనిషిని నిలబెడితే నమ్మక చస్తారా? నన్ను పిలిచి, 'తిరుపతిరావ్, మనకి అలల మీద నిలబడే టీము కావాలి, కార్తీక పౌర్ణమికల్లా' అన్నారు. నేను జీపు వేసుకుని మంగినపూడి వెళ్ళాను. చూద్దును కదా, మీ జీవరత్నం తెప్పమీద నిలబడి అల దాటుతున్నాడు. తెప్పమీద నిలబడేవాడికి ప్లైవుడ్డు ఒక లెక్కా!"

"నేనా రోజే చెప్పానండి సార్. తెప్ప తేలుద్ది, మీ చెక్క తేలదని."

"తేలిందిగా!"

"పొద్దున తేలింది. మధ్యాన్నానికి పొరలు పొరలుగా ఊడి పూతరేకులయిపోయింది."

"అది ఉప్పునీళ్ళ తప్పు. మంచినీళ్ళకి గ్యారంటీ ఇప్పటికీ ఉంది."

"ఊడిపోతే మరి ఏం చేశారు బావా?"

"మా నాన్న తెప్పలోంచి ఒక దుంగ ఊడదీసి, చిత్రిక పట్టించి, దాని మీద గజానన ప్లైవుడ్స్ అని పెయింటు వేయించారు."

"టెంపరరీ అరేంజిమెంటమ్మా."

"ఇప్పటికీ అదేనండి సార్. మా నాన్న తెప్ప ఇప్పటికీ ఒక దుంగ తక్కువగానే ఉంది."

"ఓహో. అయితే పై బొమ్మలో ప్లైవుడ్డు ప్లైవుడ్డు కాదు. మరి కింది బొమ్మలో పెళ్ళామయినా పెళ్ళామేనాండీ?"

"వస్తున్నానమ్మా, అక్కడికే వస్తున్నాను. మధ్యలో పోటీలున్నాయి. మూడు పోటీలు, మూడింటికీ నేనే వెంట తిరిగాను, భోజనం ఉన్నచోట తిని, లేనిచోట మజ్జిగ తాగి. మొదటిది మంగినపూడి. సముద్రస్నానాలకి వచ్చిన జనం తండోపతండాలు. మన మీద పోటీకి ఏలూరు రోడ్డు టింబరు డిపో వాళ్ళ టీము. గెలుపు మనదే!"

"ఎలా గెలిచారు?"

"హోరాహోరీగా."

"వాళ్ళ లారీ బందరు రోడ్డులో పంక్చరయింది అమలా. వాళ్ళసలు రాలేదు."

"రాకపోతే మన తప్పా? ఫస్టు జీవరత్నం, సెకండు జాన్‌బాబు."

"మూడు?"

"మనవాడే."

"ఆఖరున వచ్చింది?"

"అతనూ మనవాడే అనుకోండి. నాలుగు స్థానాలూ ఒకే కంపెనీకి రావడం మాటలు కాదు. రెండోది సూర్యలంక. అక్కడ సముద్రం కొంచెం సహకరించలేదు."

"అంటే?"

"అల రాలేదు. పొద్దుట్నించీ తాంబాళంలో నీళ్ళు పోసినట్టుంది. అవతల చీఫ్ గెస్టుగారికి రైలు టైమవుతోంది. కప్పు ఇవ్వకుండా వెళ్ళిపోతే ఆయనకీ బాగుండదు, మనకీ బాగుండదు. అందుకని బాగా ఉపన్యాసం చెప్పినవాడికి ఇచ్చేశారు."

"మా బావ ఉపన్యాసం చెప్పాడా!"

"నేను 'అందరికీ నమస్కారం' అన్నాను. జాన్‌బాబు అది కూడా అన్లేదు."

"అందుకని నువ్వు ఛాంపియన్‌వి అయ్యావు."

"వెక్కిరించు, నీ ఇష్టం. కానీ మూడోది, హంసలదీవి దగ్గర మాత్రం నిజం అమలా. అక్కడ నిజంగా అల వచ్చింది. నేను పుట్టాక అంత అల మీద నిలబడలేదు. కాళ్ళ కింద దుంగ ఉందో లేదో కూడా తెలీలేదు నాకు. ఒడ్డుకొచ్చి పడ్డాక, అయ్యో, అమల చూడలేదే అనిపించింది."

"...ఆ ఫొటో ఏదీ మరి?"

"మా ఫొటోగ్రాఫరు అప్పుడే పులిహోర పొట్లం విప్పాడమ్మా. చేతులు జిడ్డు. కెమెరా ముట్టుకోకూడదుగా. వెంటనే నేను మైకులో అనౌన్సు చేశాను, ఇంకొక్కసారి అని."

"సముద్రాన్ని వన్స్‌మోర్ అడిగారా?"

"అడిగాను. మళ్ళీ అంత అల లేవలేదు. అందుకే మిగతాదంతా బెజవాడలో తీయాల్సొచ్చింది. బ్యారేజీ దిగువన తీశాం. నీళ్ళు లేవు, ఇసకే. ఇసకలో చెక్క పాతి, చెక్క మీద నలుగుర్నీ నిలబెట్టి, చేతులు చాపించాం. వెనక గాడిదలు పడ్డాయి, పనికిరాలేదు. తర్వాత బీసెంటు రోడ్డులో లారీ మీద ఊరేగింపు. చెక్కలు, కప్పులు, మైకు. జనం విరగబడ్డారు."

"నేనూ చూశానండీ."

"నువ్వా? ఎప్పుడు?"

"కాన్వెంటుకి దారం ఉండలు కొనడానికి వచ్చాను బావా. లారీ మీద నువ్వు, ఎర్ర నిక్కరు వేసుకుని, రెండు చేతులూ చాపుకుని, పక్కవాడి మీద పడకుండా నానా అవస్థా పడుతున్నావు. కొట్టువాడు 'ఎవరమ్మా ఈ వేషాలు' అన్నాడు. తెలీదన్నాను."

"తెలీదన్నావా?"

"కొట్టు లోపలికెళ్ళి, వాళ్ళు పోయేదాకా రంగురంగుల దారాలు చూస్తూ నిలబడ్డాను. అక్కర్లేని దారం కూడా కొన్నాను. సరేనండీ మేనేజరుగారూ, లారీ కూడా అయింది. ఇంకేం మిగిలింది?"

"స్టూడియో. గవర్నరుపేటలో. అక్కడ మాత్రం అద్భుతం. తెర మీద సముద్రం గీయించాం, నిజం సముద్రం దాని ముందు దండగ. మీ జీవరత్నాన్ని స్టూలు మీద నిలబెట్టి, పక్కనించి బకెట్టుతో నీళ్ళు కొట్టాం. అదే పై బొమ్మ."

"అంటే మా బావ వాళ్ళమ్మ ముద్దుపెట్టుకుని దేవుడి పటం పక్కన తగిలించుకున్న అల..."

"బకెట్టు నీళ్ళు. రెండు బకెట్లు. మొదటిది గురి తప్పి కెమెరా మీద పడింది."

"బాగుంది. పై బొమ్మ అర్థమైంది. ఇప్పుడు కిందికి దిగండి. ఇదిగో, విప్పుతున్నాను. ఎందుకండీ అటు తిరిగారు? ఇటు చూడండి. మధ్యన మీ ప్లైవుడ్డు బీరువా. దాని ముందు ఒక అమ్మాయి, పట్టుచీర, తలనిండా పూలు. పక్కన మా బావ, పట్టుపంచె, మెళ్ళో చెవులదాకా పూలదండ. కింద పప్పుగింజలంత అక్షరాలు: 'ఛాంపియన్ జీవరత్నం, శ్రీమతితో'."

"అది ఫ్యామిలీ టచ్ అమ్మా. ప్రొప్రయిటరుగారి ఐడియా. అలమీద నిలబడ్డవాణ్ణి చూసి మగాళ్ళు చప్పట్లు కొడతారు, కానీ బీరువా కావాలనేది ఆడాళ్ళు. అందుకని ఛాంపియనుకి సంసారం ఉండాలి, సంసారానికి బీరువా ఉండాలి అన్నారు."

"బీరువా మీదే. సంసారం ఎక్కణ్ణించి తెచ్చారు?"

"ఆర్టిస్టు."

"ఏ ఆర్టిస్టు?"

"ఉంది ఒకావిడ."

"పేరు?"

"రమా... రమణి."

"ఏ ఊరు?"

"మద్రాసు."

"ఫొటో మద్రాసులో తీశారా?"

"లేదు, గవర్నరుపేట స్టూడియోలోనే. ఆవిడ సొంత ఊరు తెనాలి. మద్రాసు వెళ్తూ వస్తూ ఉంటుంది."

"అమలా, నేనావిణ్ణి చూళ్ళేదు. ఒట్టు. దేవుడి మీద..."

"గుళ్ళో ఒట్లు వెయ్యకు బావా. మేనేజరుగారూ, ఈ ఫొటో తీసేటప్పుడు మా బావ అక్కడున్నాడా, లేడా?"

"ఉన్నాడమ్మా. లేకపోతే మొహం ఎలా పడుతుంది?"

"ఆవిడా ఉంది?"

"ఆవిడ లేకుండా ఆవిడ ఎలా పడుతుంది? ఇద్దరూ ఉన్నారు. కాకపోతే ఎడంగా ఉన్నారు. చాలా ఎడంగా. మీరు ఊహించలేనంత ఎడంగా."

"ఇక్కడ భుజానికి భుజం ఆనుకునుందండీ!"

"అది కెమెరా యాంగిలు."

"సార్, ఏంటి సార్ మీరు? నేను స్టూలెక్కిన రోజు స్టూడియోలో మనం ముగ్గురమేగా. మీరు, స్టూడియో ఆయన, నేను. నా పక్కన బకెట్టు తప్ప ఎవరున్నారు?"

"నువ్వు అలిసిపోయున్నావయ్యా. చూసుకోలేదు."

"చూసుకోలేదా? ఒక ఆడమనిషి పట్టుచీర కట్టుకొచ్చి, పక్కన నిలబడి, మెళ్ళో దండ పడితే చూసుకోలేదా? నిద్రలో చేశారా మా బావకి పెళ్ళి?"

"పెళ్ళి కాదమ్మా, పోజు."

"ఒకాయన ఎవరూ లేరంటాడు. ఒకాయన ఉన్నారంటాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధం. మేనేజరుగారికి అబద్ధమాడాల్సిన పనేముంది? ఆయనకేమైనా పెళ్ళా? ఇక మిగిలింది నువ్వే బావా."

"అబద్ధమని కాదమ్మా. మతిమరపు అనుకోండి."

"నాకు మతిమరపేంటి సార్! నా తరఫున మాట్లాడతారని కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్నాను మిమ్మల్ని!"

"నీ తరఫునే కదయ్యా మాట్లాడుతున్నాను. ఉన్నారు, కానీ ఏమీ లేదు అంటున్నాను. నువ్వు అసలు లేరు అంటావు. అక్కడే చెడింది."

"ఆగండి. బావా, ఇటు చూడు. నీ చేతికి ఇదేంటి?"

"నాకు తెల్దు."

"నాకు తెలుసు. మా కాన్వెంటు గోడకి అవతల సత్రం. హిందువుల పెళ్ళిళ్ళన్నీ అక్కడే. పిల్లలకి కుట్లు నేర్పుతూ కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. ఇది పసుపు కొమ్ము కట్టిన కంకణం. పెళ్ళికొడుక్కి తప్ప ఎవరికీ కట్టరు. కాళ్ళు చూడు, రెండు కాళ్ళకీ పారాణి. ఆర్టిస్టుకి పారాణి అంటే సరే, ఛాంపియన్‌కి పారాణి దేనికండీ?"

"మేకప్‌వాడు కొంచెం అతి చేశాడు."

"కంకణం?"

"అది స్పోర్ట్స్ బాండు. ఆటగాళ్ళు చెమట తుడుచుకోడానికి కట్టుకుంటారు."

"పసుపు కొమ్ముతోనా?"

"మాకు బాండ్లేమీ ఇవ్వలేదు సార్."

"ఏమయ్యా, నేను సాక్ష్యం చెప్పడానికొచ్చానా, నీ చేత అడ్డుప్రశ్నలు వేయించుకోడానికొచ్చానా?"

"బావా. నేనొక మాట అడుగుతాను, తలెత్తి చెప్పు. వాళ్ళు నిక్కరు వెయ్యమంటే వేశావు. లారీ ఎక్కమంటే ఎక్కావు. స్టూలెక్కమంటే ఎక్కావు. వీళ్ళ కప్పుల పిచ్చిలో పడి, ఎక్కడో పీటల మీద కూర్చోమంటే కూడా కూర్చున్నావా?"

"లేదు."

"బొమ్మ కోసమే అని చెప్పి కూర్చోబెట్టారా?"

"లేదన్నానుగా. అమలా, నేను సముద్రం మీద పడి బతికేవాణ్ణి. కథలు అల్లడం నాకు చేతకాదు. అందరికీ నమస్కారం అనడానికే నాకు చెమటలు పట్టినయ్యి. ఆవిడెవరో నాకు తెల్దు. నా మొహం ఆవిడ పక్కకి ఎట్టా వెళ్ళిందో నాకు తెల్దు. తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా?"

"నమ్మాలనే ఉంది. నీకెలా చెప్పను, నాకు నమ్మాలనే ఉంది. పోయిన ఆదివారం నుంచీ రాత్రీ పగలూ నమ్ముతూనే ఉన్నాను. కానీ నీ సాక్షే నువ్వు ఉన్నావంటున్నాడే! ఊళ్ళో నవ్వారంటే నవ్వనీ. మా నాన్న అన్నం మానేసి కూర్చుంటే కూర్చోనీ. ఈస్టరు దాకా ఆగమంటే ఆగుతాను, వచ్చే ఈస్టరు దాకా ఆగమన్నా ఆగుతాను. అబద్ధమాడినవాడితో మాత్రం ఒక్క పూట కూడా ఉండలేను బావా. ఏడుపొస్తోంది. ఈయన ముందు ఏడవను, అంతే."

"అమ్మా..."

"మీరు మాట్లాడకండి. అదుగో, ఫాదరుగారు చేతులు కడుక్కుంటున్నారు. నేనెళ్ళి ఈ పెళ్ళి వద్దని, మా పేర్లు కొట్టెయ్యమని చెప్పేస్తాను."

"ఆగు అమలా!"

"ఆగండమ్మా, ఆగండి! ఒక్క మాట. ఇంత చిన్న విషయానికి పెళ్ళి మానుకుంటారా? ఆవిణ్ణి చూసి మీరు కంగారు పడాల్సిన పనే లేదు. ఆ రకం మనుషులకి ఇవన్నీ మామూలే. పిలిచి నాలుగు డబ్బులిస్తే ఎవరి పక్కన నిలబడమన్నా నిలబడతారు."

"ఎవరి పక్కనైనా?"

"ఎవరి పక్కనైనా."

"పారాణి పెట్టుకుని?"

"పారాణి ఏంటి, తాళి కూడా కట్టుకుంటారు. వృత్తి!"

"అయితే సులువే. ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురండి. ఫాదరుగారి ముందు నిలబడి 'ఈయన నాకేమీ కాడు' అని ఒక్క మాట అనమనండి. నేను వచ్చి బావ కాళ్ళ మీద పడతాను."

"సార్, తీసుకురండి సార్. జీపుందిగా."

"రాదయ్యా."

"తెనాలి ఎంత దూరమండీ?"

"తెనాలి కాదు... రాదమ్మా, ఎక్కడున్నా రాదు. ఆవిడ ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు."

"ఎవరితోనూ అంటే?"

"అంటే... కంపెనీతో. కేలెండరు చూసింది. బాగా కోపం వచ్చింది."

"ఆవిడకి కోపమా! పరాయివాడి పక్కన ఒళ్ళు రాసుకుని నిలబడి, గోడగోడకీ ఎక్కి, నా పెళ్ళి చెడగొట్టి, పైగా ఆవిడకి కోపమా? సిగ్గూ శరమూ లేని మనిషి. బజారు మనిషి. ఏ తల్లి కన్నదో గానీ, అలాంటి బరితెగించిన..."

"మాట తిన్నగా రానివ్వండి!"

"ఏమన్నారు?"

"ఆవిణ్ణి ఒక్క మాట అనడానికి వీల్లేదు! ఎవరనుకుంటున్నారు? పరాయి మగాడు గుమ్మంలోకొస్తే తలుపు చాటున నిలబడి మాట్లాడే మనిషి. శనివారం ఒంటిపూట భోజనం. ఇన్నేళ్ళలో సినిమాకి కూడా తల వంచుకునే వచ్చింది. అలాంటిదాన్ని పట్టుకుని బజారు మనిషంటారా?"

"నేనేంటండీ అనేది? నాలుగు డబ్బులిస్తే ఎవరి పక్కనైనా నిలబడుతుందని మీరేగా అన్నారు!"

"అన్నాను. నా నోరు పడిపోను, అన్నాను."

"మద్రాసు ఆర్టిస్టు తలుపు చాటున నిలబడుతుందా?"

"సార్, ఆవిడ శనివారం ఒంటిపూట తింటదని మీకెట్టా తెలుసు?"

"నువ్వూ మొదలెట్టావా జీవరత్నం?"

"చెప్పండి మేనేజరుగారూ. ఎలా తెలుసు? ఎందుకండీ తల దించుకుంటున్నారు? మీరు చెప్పరు. పోనీలెండి, నేనే వెళ్ళి ఫాదరుగారికి..."

"అమలా, ఫాదరుగారు మోటారుసైకిలెక్కారు!"

"పరిగెత్తవయ్యా జీవరత్నం, గేటు దగ్గర అడ్డం నిలబడు! ఫాదరుగారూ, ఒక్క నిమిషం, నేను సాక్షిని, వస్తున్నాను! అమ్మా, ఆ వేళ ఆర్టిస్టు రాలేదు. రేపటికల్లా బొమ్మ అచ్చుకి వెళ్ళాలని ప్రొప్రయిటరుగారు నెత్తిమీద కూర్చున్నారు. మా ఇంట్లో గోడకి ఒక పెళ్ళి ఫొటో ఉంటే, ఇంట్లో చెప్పకుండా తెచ్చి స్టూడియో ఆయన చేతికిచ్చాను. ఆవిడ రమణి కాదు, రమాసుందరి. నా భార్య. పక్కనున్నవాడికి తల ఒక్కటే మీ బావది, మెడ కిందనుంచి అంతా నేనే."